మంచు మీదికి నెట్టిన మాట

కెజెకియా దోనెలో చేరిన నీళ్ళు తోడి పోస్తున్నాడు. నడిమికి కోసిన నూనె డబ్బా ఒకటి ఆ పనికే ఉంది. ముంచడం, పారబొయ్యడం, మళ్ళీ ముంచడం. దోనె వెనక చివర పగులు ఒకటుంది. దానిలో బంకమట్టి, జమ్ముపీచు కలిపి కూరతాడు. నాలుగు రోజులాగి అది ఊడుతుంది. మళ్ళీ కూరతాడు. నీలగిరి మానును తొలిచి చేసిన ఆ దోనెకి ఇరవై రెండేళ్ళు. ఈపాటికి దాన్ని ముక్కలు కొట్టి పొయ్యిలో పెట్టాల్సిందని రేవులో అందరూ అంటారు. అన్నవాళ్ళే శుక్రవారం పొద్దున్నే దాంట్లోకెక్కి కూర్చుంటారు.

అతనికి అరవై దాటాయి. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. ఏళ్ళ తరబడి కుడిపక్కనే తెడ్డు వేసి వేసి ఆ భుజం పైకి లేచింది, ఎడమది కిందికి జారింది. నడుస్తుంటే పక్కన ఎవరో చెప్పేది వినడానికి వంగినట్టుంటాడు. అరచేతులు తోలుముక్కల్లా గట్టిపడ్డాయి. కాలివేళ్ళు దోనె అడుగున పట్టు దొరకబుచ్చుకోవడం అలవాటై విడివిడిగా పరుచుకుపోయాయి. మాట తక్కువ. అడిగినదానికి జవాబు చెబుతాడు, అడగనిదానికి చెప్పడు. ఇలాంటివాణ్ణి మా కొండల్లో మంచివాడంటారు.

ఆ రోజు సంత. ముగ్గురు ఆడవాళ్ళు బంగాళాదుంపల బస్తాలతో ఎక్కారు. దోనె నీళ్ళలోకి నాలుగు వేళ్ళు దిగింది. దోనె నీకంటే ఎక్కువగా దగ్గుతోందని ఒకామె అంటే, దానికి దగ్గొస్తే మట్టి పెడతాను, నీకొస్తే ఏం పెట్టమంటావని కెజెకియా అడిగాడు. అది అతను పన్నెండేళ్ళుగా చెబుతున్న జవాబే, అయినా వాళ్ళు నవ్వారు. దారిలో తెల్లవాళ్ళ జంట ఒకటి అద్దె దోనెలో గుండ్రంగా తిరుగుతూ కనిపించింది. ఒకే చోట తిరుగుతున్నారు, ముందుకు పోవడం లేదు. తెడ్డు ఎలా తిప్పాలో కెజెకియా చెయ్యి ఊపి చూపించాడు. వాళ్ళు కూడా చెయ్యి ఊపారు, పలకరించాడనుకుని.

ఈ బున్యోన్యి సరస్సు ఎలా పుట్టిందో బడిలో పంతులు చెబుతాడు. పడమట ముహబురా వరసలో కొండలు ఒకప్పుడు నిప్పు కక్కాయట. కరిగిన రాయి పారుతూ వచ్చి ఏటి నోటికి అడ్డం పడి గడ్డకట్టింది. ఏరు పోయే దారి లేక వెనక్కి తన్ని, లోయలన్నీ నింపుకుంటూ కూర్చుంది. కొండల తలలు దీవులయ్యాయి, నడుములు ఒడ్డులయ్యాయి. అందుకే మా రేవుల్లో రెండడుగులు వేస్తే మూడో అడుగుకి నేల అందదు. ఇక్కడ పెళ్ళికైనా, సంతకైనా, ఓటుకైనా, చావుకైనా నీళ్ళు దాటాల్సిందే. కొండ మీంచి రేవుదాకా బండి దారి లేదు, మెట్టు చేల గట్ల మీద కాలిబాట ఒక్కటే.

దారి లేదు కాబట్టి డోలీ ఉంది. పేము, వెదురు కలిపి అల్లిన పొడుగాటి బుట్ట, దానికి రెండు గుంజలు, నలుగురు మోసేవాళ్ళు. కొండకొక డోలీ సంఘం. ఇంటికొక మగవాడు దాన్లో ఉండి తీరాలి. ఎవరికి జబ్బు చేసినా కొమ్ముబూర ఊదుతారు. వినగానే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి రావాలి. రానివాడు సంఘానికి కుండెడు జొన్నకల్లు ఇచ్చుకోవాలి, అది పెద్ద విషయం కాదు. మూడుసార్లు రాకపోతే వాడింట్లో పీనుగు లేచిన రోజు ఎవరూ భుజం పట్టరు. మా కొండల్లో మనిషికి ఇంతకు మించిన శిక్ష లేదు. కెజెకియా వంతు మొయ్యడం కాదు, దాటించడం. బూర మోగితే అతను దోనె తీసుకుని కొండకింది రేవుకి రావాలి.

పద్నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం సంఘం కూర్చుంది. సంఘానికి పెద్ద యోవాసి. మనిషి పొడుగు, గొంతు పెద్దది, మనసు మంచిదే కాని నలుగురిలో నవ్వించే అవకాశం వస్తే వదులుకునేవాడు కాదు. అంతకుముందు ఒక ముసలామె శవాన్ని దాటించడానికి కెజెకియా కాస్త ఆలస్యంగా వచ్చాడు. దోనె పగులు పూడ్చుకుంటూ ఉండిపోయాడు. యోవాసి లేచి, కెజెకియా దోనె చూడి ఆవు, దాన్ని అదిలించకండి, దారిలోనే ఈనుతుంది అన్నాడు. గడ్డి మీద కూర్చున్న ఆడవాళ్ళతో సహా అందరూ విరగబడి నవ్వారు. కెజెకియా కూడా నవ్వాడు. అతని భార్య జెనినా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం చూశాక మాత్రం అతనికి లోపల ఏదో మండింది. ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు.

తొమ్మిది రోజుల తరవాత తెల్లవారుజామున బూర మోగింది. సరస్సంతా పొగమంచు. మంచులో నీటి మీద శబ్దం దారి తప్పుతుందని, ఎదురుకొండ మోత మన వెనకనుంచి వచ్చినట్టుంటుందని ఇక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అయితే కొండకొక మోత ఉంటుంది. మాది రెండు పొడుగు, ఒకటి పొట్టి. కెజెకియా మూడూ విన్నాడు. జెనినా ఇంట్లో లేదు, పుట్టింటికి వెళ్ళింది. అతను పొయ్యి దగ్గర కూర్చుని జొన్నజావ తాగుతున్నాడు. కప్పు కింద పెట్టలేదు. చూడి ఆవు కదా, ఈనాకే వస్తుంది, అనుకున్నాడు. కప్పు ఖాళీ అయింది. మళ్ళీ నింపుకున్నాడు. బూర రెండోసారి మోగింది. ఆ రెండో కప్పు కూడా పూర్తిగా తాగాడు. మూడోసారి మోగాక లేచాడు.

రేవులో డోలీ నేలమీద ఉంది. అందులో యోవాసి కూతురు ప్రోవియా. పందొమ్మిదేళ్ళ పిల్ల, కాన్పు నొప్పులు. కింద పరిచిన బట్ట తడిసి డోలీ అల్లిక లోంచి నెత్తురు బొట్లుగా రాలుతోంది. సరస్సు నడిమికి వచ్చేసరికి ఆ పిల్ల అరవడం మానేసింది. బిడ్డ కూడా దక్కలేదు. ఎందుకంత ఆలస్యమైందని ఎవరో అడిగారు. మంచులో ఎదురుకొండ బూర అనుకున్నానని కెజెకియా చెప్పాడు. అందరూ యోవాసి వైపు చూశారు. యోవాసి నీళ్ళకేసి చూస్తూ, "మంచుది తప్పు. ఇందులో ఎవరినీ ఏమీ అనకండి," అన్నాడు. ఆ మాటతో ఆ విషయం ముగిసిపోయింది. కెజెకియాకి మాత్రం ముగియలేదు.

ఆ తరవాత అతను ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. జ్వరంలో వచ్చాడు, వానలో వచ్చాడు, తన తమ్ముడి పెళ్ళిపందిట్లోంచి లేచి వచ్చాడు. డోలీ కొండ దిగేసరికి దోనె రేవులో ఉండేది. జనం మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ అతని తల ఇంకాస్త కిందికి వంగేది. ఏడేళ్ళకి సంఘం అతనికి ఎర్రచారల దుప్పటి ఒకటి బహుమానం ఇచ్చింది. ఇచ్చింది యోవాసి చేతులమీదుగానే. కెజెకియా దాన్ని ఒక్కరోజు కప్పుకోలేదు. ఒళ్ళు దురద పెడుతుందని చెప్పి జెనినా మీదికి తోసేశాడు. మా కొండల్లో చలికి పళ్ళు టకటక కొట్టుకుంటాయి. అయినా దురదే అన్నాడు.

జెనినా రక్షణ పొందిన మనిషి. రక్షణ పొందినవాళ్ళు వారానికోసారి చర్చిలో కూడి, ఒక్కొక్కరు లేచి తమ పాపాలు నలుగురిలో చెప్పుకుంటారు. జెనినా ప్రతివారం ఏదో ఒకటి చెబుతుంది. పొరుగు చేలో గుమ్మడాకు తుంపాననో, మొగుణ్ణి మనసులో తిట్టాననో. నీ పాపం కూడా చెప్పుకో, తేలికవుతావని మొగుడి వెంట పడింది. ఒకసారి అతను వెళ్ళాడు. ఈ రోజుతో దించేసుకుంటాననే వెళ్ళాడు. లేచి నిలబడ్డాడు. ఎదురు బెంచీ మీద యోవాసి, అతని భార్య కెబిరుంగి. కెజెకియా వాళ్ళని చూసి, నేను దాచుకుని కల్లు తాగుతున్నాను, ఒకసారి సంతలో ఒకామె గొడుగు దోనెలో మరిచిపోతే తిరిగివ్వలేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టి పాట ఎత్తుకున్నారు. అందరికంటే ముందు లేచి వచ్చి కావలించుకున్నవాడు యోవాసి. పెద్ద పాపం కనబడకుండా చిన్న పాపాన్ని అడ్డం పెట్టి, దేవుడి ఎదుట కూడా మోసం చేశానన్న సంగతి ఆ కౌగిట్లో ఉండగానే అతనికి తెలిసింది. మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఇక ఈ శుక్రవారం, కెజెకియా సంతనుంచి తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. జెనినా చిలగడదుంపలు, చిక్కుడుగింజలు పళ్ళెంలో పెట్టింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో బూర మోగింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఎండ ఫెళ్ళున కాస్తోంది, మంచు లేదు, మబ్బు లేదు. పళ్ళెం వదిలేసి లేచాడు. నోట్లోది మింగి పొమ్మని జెనినా వెనకనుంచి అంటూనే ఉంది.

రేవులో దోనె నిలబెట్టి పైకి చూశాడు. డోలీ మెట్టు చేల గట్లమీద అటూ ఇటూ మలుపులు తిరుగుతూ దిగుతోంది. ముందు గుంజ పట్టినవాడు బఫాకి అని నడకని బట్టి తెలిసింది. బఫాకి మోసేవాళ్ళలో వయసులో ఉన్నవాడు, పెళ్ళయి ఇద్దరు పిల్లలు, నోరు ఊరుకోదు. వెనక ఒకామె పరుగులాంటి నడకతో వస్తోంది. ఆమె కెబిరుంగి అని గుర్తుపట్టగానే డోలీలో ఎవరున్నారో కెజెకియాకి అర్థమైంది.

చిక్కుడు చేలో కలుపు తీస్తూ యోవాసి పడిపోయాడని, ఛాతీ పట్టుకున్నాడని, ఎడమచెయ్యి లేవడం లేదని బఫాకి వగరుస్తూ చెప్పాడు. యోవాసికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ముఖం బూడిదరంగులో ఉంది, పెదవులు నల్లబడ్డాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. నెమ్మదిగా మోస్తున్నారని ఇన్నాళ్ళూ మమ్మల్ని తిట్టావుగా పెద్దాయనా, ఇప్పుడు చెప్పు ఎలా ఉందో, అని బఫాకి హాస్యమాడాడు. మోసేవాళ్ళు రోగితో హాస్యమాడటం మా అలవాటు, భయం తగ్గుతుందని. యోవాసి పెదవి ఒక పక్క మాత్రమే కదిలింది.

ఆవలి ఒడ్డు ఆసుపత్రిలో రోగికి వంట మనమే చేసుకోవాలి. కెబిరుంగి గిన్నెలు, పిండి, పక్కబట్టలు తీసుకుని వెనక మరో దోనెలో వస్తానంది. దోనె కదిలేముందు కెజెకియా చెయ్యి పట్టుకుని, ఆయన్ని నీ చేతుల్లో పెడుతున్నాను మరిదీ అంది. కెజెకియా ఆమె మొహంలోకి చూడలేదు. ఆ మనిషి ముందు పద్నాలుగేళ్ళుగా అతను చూపులు నేలమీద పెట్టుకునే మాట్లాడుతున్నాడు. సిగ్గరి అనుకుంటుంది ఆమె.

యోవాసిని దోనె పొడుగునా పడుకోబెట్టారు. వెనక చివర తెడ్డు పట్టే కెజెకియా మోకాళ్ళ దగ్గరికి అతని తల వచ్చింది. మిగతా నలుగురూ ముందువైపు కూర్చుని వాళ్ళ తెడ్లు వేస్తున్నారు, వీపులు ఇటు. బఫాకి డోలీ మోసేవాళ్ళ పాట ఎత్తుకున్నాడు. ఆవలి ఒడ్డు గంటన్నర దూరం.

ఈ రోజు చెప్పకపోతే ఇక చెప్పడానికి మనిషి ఉండడు. కెజెకియాకి అది స్పష్టంగా తెలుసు. మొదటి దీవి దాటాక చెబుతాననుకున్నాడు. మొదటి దీవి దాటింది. అన్నా, ఆ రోజు నేను విన్నాను. ఆ నాలుగు మాటలే. నాలుక మీద పెట్టుకుని తిప్పుతున్నాడు. ఇలాంటి మాట చావుబతుకుల్లో ఉన్నవాడి చెవిన వేస్తే గుండె ఆగిపోదా, ఆసుపత్రిలో చెబుదాంలే, అని అతని మనసులో ఒకడు పెద్దమనిషిలా సలహా చెబుతున్నాడు. ఆ పెద్దమనిషి ఎవరో కెజెకియాకి బాగా తెలుసు. రెండో కప్పు జావ పోసింది వాడే.

"కెజెకియా," అన్నాడు యోవాసి. ఆ గొంతు ఎవరిదో అనిపించేంత చిన్నగా ఉంది.

"ఊఁ, అన్నా."

"ఇవాళ మంచు లేదు."

"లేదన్నా. మాట్లాడకు."

"ఆ రోజుంది."

తెడ్డు ఒక్కసారి నీళ్ళని తప్పి గాలిలో కొట్టింది. అడుగుతున్నాడు, అనుకున్నాడు కెజెకియా. ఇన్నాళ్ళకి అడుగుతున్నాడు. అడిగితే బాగుండునని కూడా అనిపించింది. అడిగితే అవునంటే సరిపోతుంది, తనకై తాను మొదలుపెట్టనక్కర్లేదు.

యోవాసి అడగలేదు. చెప్పాడు. "పిల్లకి ముందురోజు సాయంత్రమే మొదలయ్యాయిరా నొప్పులు. బూర మా ఇంట్లోదేగా. నేనే ఊదలేదు. పెళ్ళికాని పిల్ల. కొండమీది మగాళ్ళందరూ వచ్చి మోసుకెళ్తుంటే ఎట్లా చూడను అనుకున్నా. ఊదమని మీ వదిన నా కాళ్ళు పట్టుకుంది. తెల్లారేదాకా బూర ఒళ్ళో పెట్టుకుని కూచున్నా."

కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. ముందు బఫాకి పాటలో ఎవరినో వెక్కిరిస్తే మిగతావాళ్ళు నవ్వుతున్నారు.

"అందరూ దోనె ఆలస్యమైందన్నారు. నేను కాదనలేదు. మంచు అన్నా, అంతే. నా తప్పు నీ నెత్తిన పెట్టి తిరిగా. నువ్వేమో బూర మోగితే చాలు, పరిగెత్తుకొచ్చేవాడివి. నిన్ను చూసినప్పుడల్లా సిగ్గుతో చచ్చేవాణ్ణి. ఆ దుప్పటి కూడా అందుకే ఇప్పించా. అదేదో తీరిపోతుందన్నట్టు. క్షమించానని చెప్పు తమ్ముడూ."

కెజెకియాకి మొదట కలిగింది సంతోషం. ఇది చెప్పుకోవడానికి సిగ్గుచేటు, కాని జరిగిందదే. చేతిలో తెడ్డు తేలికైపోయింది. రాత్రంతా బూర ఊదనివాడు తండ్రి. తాను కూర్చున్నది రెండు కప్పుల జావ సేపు. ఆ పిల్ల ఆ రాత్రే అయిపోయి ఉంటుంది, తాను ఎగిరి వచ్చినా దక్కేది కాదు. ఈ లెక్క అతని బుర్రలో రెండు తెడ్ల వేగంలో పూర్తయిపోయింది. పూర్తవగానే, ఎంత తొందరగా వేసుకున్నానీ లెక్క, అని అతనికి తలకొట్టేసినట్టయింది. ఆ పిల్ల రేవులో బతికే ఉంది. తాను వచ్చేసరికి తల తిప్పి దోనె వైపు చూసింది కూడా.

ఇప్పుడు చెప్పాలి. ఇద్దరి తప్పూ ఉందన్నా, నీ ఒక్కడిదే కాదు, నేను విన్నాను, విని కూర్చున్నాను, అనాలి. ఆ మాట వింటే ఈ ముసలివాడి బరువు సగం దిగుతుంది. చెప్పడం ఇప్పుడు దయ కూడా. ఇంత సులువైన అవకాశం ఎవరికీ రాదు.

"పోనీలే అన్నా," అన్నాడు కెజెకియా. "మంచుది తప్పు."

యోవాసి కళ్ళు మూసుకున్నాడు. కంటి చివరనుంచి నీరు జారి చెవిలోకి దిగింది. కెజెకియా తన నోట్లోంచి వచ్చిన మాట విని తానే నమ్మలేకపోయాడు. క్షమించే చోట కూర్చున్నాడు తాను. చావబోయేవాడు క్షమించమంటే, తప్పు లేనివాడిలాగా తీసుకున్నాడు. జమ్ము దుబ్బు దాటాక నిజం చెప్పేస్తాను అనుకున్నాడు. జమ్ము దాటింది. అదిగో ఆ కిరీటపు కొంగల జంట నిలబడ్డ మొద్దు దగ్గర, అనుకున్నాడు. కొంగలు లేచిపోయాయి, మొద్దు వెనకబడింది. అన్నా, అని పిలిచాడు చివరికి. గొంతు బాగానే వచ్చింది. అన్నా, నేను కూడా ఒకటి చెప్పాలి.

యోవాసి పలకలేదు. దోనె అంచుమీద పెట్టుకున్న అతని కుడిచెయ్యి ఎప్పుడు జారిందో, వేళ్ళు నీళ్ళలో ఉన్నాయి. దోనె పోతుంటే ఆ నాలుగు వేళ్ళ వెనక నాలుగు సన్నటి గీతలు పడుతున్నాయి. కెజెకియా తెడ్డు ఆపాడు. ముందువాళ్ళు ఇంకా ఊపులో ఉన్నారు, దోనె వంకర తిరిగింది. తిరగడం చూసి బఫాకి వెనక్కి చూశాడు. పాట ఆగిపోయింది.

దారిలో పోయినవాణ్ణి ముందుకి తీసుకెళ్ళరు. ఎవరూ ఏమీ అనకుండానే దోనె వెనక్కి తిప్పారు. బఫాకి వచ్చి ఆ చేతిని నీళ్ళలోంచి తీసి, తన చొక్కాతో తుడిచి, గుండెమీద పెట్టాడు. ఒడ్డు చేరేదాకా చనిపోయాడని ఎవరూ పలకరు. నిద్రపోయాడంటారు.

మొదటి దీవి దగ్గర కెబిరుంగి దోనె ఎదురైంది. గిన్నెల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీళ్ళ దోనె మొహం ఎటు తిరిగి ఉందో చూసింది. ఇంకెవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. రెండు దోనెలూ పక్కపక్కకి వచ్చాయి. ఆమె అటునుంచి వంగి, భర్త నుదురు మీద అరచెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉంచింది. తరవాత కెజెకియా వైపు చూసింది.

"నువ్వు ముందే వచ్చి నిలబడ్డావు మరిదీ. నీ వల్ల ఆలస్యం కాలేదు. అది నేను అందరికీ చెబుతాను."

"వదినా," అన్నాడు కెజెకియా. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "ఆ రోజు మంచులో..."

"ఆ రోజు మాట ఇప్పుడెందుకు," అంది ఆమె మెల్లగా. "నీ తప్పు కాదని ఆయన ఎప్పుడూ అంటూనే ఉండేవాడు. నిన్న రాత్రి కూడా అన్నాడు."

ఆమె ఏం దాచుకుని ఆ మాట అందో కెజెకియాకి తెలుసు. కాళ్ళు పట్టుకున్న ఆ రాత్రిని భర్త పరువు కోసం ఆమె ఇన్నేళ్ళూ మింగింది, ఇప్పుడూ మింగుతోంది. ఇంక తాను నోరు తెరిస్తే అదీ బయటపడుతుందేమోనన్న సాకు అతనికి వెంటనే దొరికింది. సాకులు అతనికి ఎప్పుడూ వెంటనే దొరుకుతాయి. తలదించుకుని తెడ్డు అందుకున్నాడు.

రేవులో జనం చేరి ఉన్నారు. డోలీని భుజాలకెత్తుకున్నారు. వెళ్ళేటప్పుడు ఒక ముసలాయన కెజెకియా వీపు తట్టి, నీలాంటివాడు ఇంటికొకడుంటే చాలు అన్నాడు. ఏడుపులు మలుపు మలుపుకీ పైకి పోయి చిన్నవయ్యాయి. శవాన్ని దాటించిన దోనెని కడగకుండా దోనెవాడు కొండ ఎక్కకూడదు. కెజెకియా ఒక్కడే మిగిలాడు.

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి దోనె అంచు పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు. పైకే చెప్పాడు, తడబడకుండా. "అన్నా, ఆ రోజు నేను మూడు మోతలూ విన్నాను. విని కూచున్నాను. నువ్వు నన్ను నవ్వులపాలు చేశావని, కావాలనే కూచున్నాను." వినేవాళ్ళు లేనప్పుడు ఎంత ధారాళంగా వస్తోందో ఆ మాట. అతనికి తనమీద తనకే రోత పుట్టింది. చుట్టూ చూశాడు, ఎవరైనా వింటే బాగుండునన్నట్టు, ఎవరూ వినలేదు కదా అన్నట్టు. రెండోదే ఎక్కువ నిజం.

నీళ్ళు చల్లి కడుగుతూ ముందువైపుకి వెళ్ళాడు. అక్కడ మోసేవాళ్ళు కూర్చున్న చోట యోవాసి రబ్బరు బూట్ల జత ఒకటి ఆనించి ఉంది. పడుకోబెట్టేటప్పుడు బఫాకి ఊడదీసి అక్కడ పెట్టినట్టున్నాడు, దించేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. కెజెకియా వాటిని తీసి ఒడ్డున రాయిమీద పక్కపక్కన నిలబెట్టాడు. ఎడమబూటు మడమ దగ్గర సైకిల్ ట్యూబు ముక్కతో వేసిన అతుకు ఉంది. దాని అంచున, చిక్కుడు చేలో అంటిన ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది.